గణితంలో పీహెచ్‌డీ దరఖాస్తుకు అమీర్‌పేట కన్సల్టెన్సీ: 47,200 రూపాయల ప్యాకేజీపై నా సమీక్ష

అమీర్‌పేటలోని ఒక విదేశీ విద్యా కన్సల్టెన్సీలో 2023 ఆగస్టు చివరి వారంలో చేరి, మరుసటి ఏడాది జూలైలో వీసా స్టాంపు పడిన పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా వారి సేవను పూర్తిగా వాడుకున్నాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. చేరడానికి ముందు నేను తిరిగిన మరో మూడు కార్యాలయాల్లోనూ ప్యాకేజీ, మాటతీరు, ఆఖరికి గోడమీది ఫ్లెక్సీలు కూడా ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి కాబట్టి, ఒక్క పేరు రాసి మిగిలిన వాటిని మినహాయించినట్టు చేయడం నాకు ఇష్టం లేదు. ఫీజు 40,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 47,200. ఇందులో విశ్వవిద్యాలయాల ఎంపిక, ఎస్‌ఓపీ (ఏం చదవాలనుకుంటున్నామో, ఎందుకో మనమే చెప్పుకునే వ్యాసం), ఎల్‌ఓఆర్‌లు (లెక్చరర్ల సిఫారసు ఉత్తరాలు), ఎనిమిది దరఖాస్తుల నింపుడు, ట్రాన్‌స్క్రిప్టుల (విశ్వవిద్యాలయం ఇచ్చే అధికారిక మార్కుల పత్రాల) సాయం, వీసా సన్నాహం ఉంటాయి. పరీక్షల ఫీజులు, విశ్వవిద్యాలయాల దరఖాస్తు ఫీజులు మనవే.

నాలాగా మార్కుల మెమోల్లో ఎత్తుపల్లాలు ఉన్నవారు, గణితంలోనే పై చదువు చదవాలని గట్టిగా అనుకుంటున్నవారు ఈ ప్యాకేజీ తీసుకోవచ్చా అన్నదే ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది. కంప్యూటర్ సైన్సులో ఎంఎస్‌కు వెళ్లేవారి అనుభవం వేరుగా ఉండవచ్చు.

ముందుగా నా మెమోల సంగతి చెప్పాలి. కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని ఒక కళాశాలలో బీఎస్సీ చదివాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో గుమస్తాగా పనిచేసే మా నాన్నగారికి, నా మూడో సెమిస్టర్‌లో, సరిగ్గా పత్తి దిగుబడి మొదలయ్యే రోజుల్లో, కాలు విరిగింది. ఆ ఉద్యోగం పోకుండా ఉండాలని నాలుగు నెలలపాటు ఆయన కుర్చీలో నేను కూర్చుని తక్‌పట్టీలు (రైతుల సరుకు అమ్మకం చీటీలు) రాశాను. ఆ సెమిస్టర్‌లో రియల్ అనాలిసిస్‌లోనూ స్టాటిస్టిక్స్‌లోనూ ఫెయిలయ్యాను. రెండూ తరువాతి ఏడాది పాసయ్యాను గానీ అనాలిసిస్‌లో వచ్చింది అత్తెసరు మార్కులే. డిగ్రీ మొత్తానికి సీజీపీఏ 6.1 దగ్గర ఆగింది. ఎంఎస్సీలో కథ మారింది: టోపాలజీ, మెజర్ థియరీ, ఫంక్షనల్ అనాలిసిస్ పేపర్లలో మంచి గ్రేడ్లతో 8.4 వచ్చింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసేవారికి ఏది నమ్మాలో తోచదు, దరఖాస్తులో నాకున్న అసలు చిక్కు అదే.

మొదటి రోజు కౌన్సెలర్ నా ప్లాస్టిక్ ఫోల్డర్ తెరిచి, మెమోలను తిరగేస్తూ, ఎఫ్ గ్రేడ్లున్న కాగితం దగ్గర పెన్ను ఆపి, “తమ్ముడూ, మ్యాథ్స్ పీహెచ్‌డీ అంటే నీ ప్రొఫైల్‌కు కష్టం. డేటా సైన్స్ ఎంఎస్ పెడదాం, నాలుగు సేఫ్ యూనివర్సిటీలు ఉన్నయ్, అడ్మిట్ పక్కా” అన్నారు. పది నిమిషాల్లో యాంబిషియస్ రెండు, మోడరేట్ రెండు, సేఫ్ నాలుగు అంటూ ఒక పట్టిక కూడా ప్రింటు తీసి ఇచ్చారు. ఎనిమిదింటిలో ఒక్కటి కూడా గణిత విభాగం కాదు. నేను ఎంఎస్సీలో ఏ పేపర్లు చదివానో, ఎవరి దగ్గర చదివానో ఆయన అడగలేదు.

ఆయన దురుద్దేశంతో అలా అన్నారని నేను అనుకోను. విదేశీ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి చేరినప్పుడు వచ్చే కమీషన్ మీద ఈ వ్యాపారం చాలావరకు నడుస్తుంది. ఫీజు కట్టి చదివే ఎంఎస్ విద్యార్థి వల్ల అది వస్తుంది. అమెరికాలో గణిత పీహెచ్‌డీ విద్యార్థికి సాధారణంగా టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (బోధనలో సాయపడే పని) ఇచ్చి, ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలకు జీతం కూడా ఇస్తారు. అక్కడ కమీషన్‌కు చోటే లేదు. కాబట్టి మెమోలో రెండు ఎఫ్‌లు కనబడగానే సలహా ఏ దిక్కుకు మళ్లుతుందో ముందే ఊహించుకోవచ్చు. నేను రెండు వారాలు వాదించి, గణిత విభాగాల జాబితాను సొంతంగా తయారు చేసుకుని తీసుకెళ్లాక, “మీ ఇష్టం, రిజల్ట్‌కు మేము బాధ్యులం కాము” అని రాసిన కాగితం మీద సంతకం చేయించుకుని ఒప్పుకున్నారు.

తరువాత వచ్చిన పేచీ మెమోల గురించి. సెమిస్టర్ మెమోలన్నీ కాకుండా కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే అప్‌లోడ్ చేద్దామని, అందులో ఫెయిలైన సంగతి కనబడదని వారు సూచించారు. నిజానికి ఆ మెమోలోనూ ఏ పేపరు ఏ నెలలో, ఏ సంవత్సరంలో పాసయ్యామో ఉంటుంది. తోటి పేపర్లకంటే ఏడాది ఆలస్యంగా పాసైన పేపరు శ్రద్ధగా చూసేవారి కంట పడకుండా పోదు. అంతకంటే ముఖ్యంగా, అన్ని మార్కుల వివరాలూ ఇవ్వమని అడిగిన చోట కొన్నింటిని దాచి, కింద “ఇవన్నీ నిజమే” అని టిక్కు పెట్టడం నాకు మనస్కరించలేదు; ఇలాంటిది తరువాత బయటపడితే వచ్చిన సీటును కూడా రద్దు చేసే హక్కు విశ్వవిద్యాలయానికి ఉంటుంది. ఆరు మెమోలూ, రెండు సప్లిమెంటరీ మెమోలూ వరుసగా స్కాన్ చేసి ఒకే ఫైలుగా పెట్టించాను. ఈ విషయంలో దయచేసి ఎవరి మాటా వినకండి.

ఎస్‌ఓపీ దగ్గర నాకు నిజంగా బాధ కలిగింది. వారు పంపిన ముసాయిదా చిన్నప్పటినుంచీ నాకు అంకెలంటే ఎంతో ఇష్టమన్న వాక్యంతో మొదలై, రెండో వాక్యంలో రామానుజన్‌ను తలుచుకుని, మూడో పేరాలో నేను ఎన్నడూ చేయని మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టును వర్ణించింది. బ్యాక్‌లాగుల (ఫెయిలైన పేపర్ల) గురించి “అనివార్య వ్యక్తిగత పరిస్థితులు” అన్న రెండు ముక్కలు తప్ప ఏమీ లేదు. గణిత విభాగంలో ఈ కాగితం చదివేది ప్రవేశాల కమిటీలోని ప్రొఫెసర్లు. మన రాతలో గణితం ఉందో లేదో వారు అయిదో వాక్యానికే పసిగడతారు. నేను ఆ ముసాయిదాను పక్కన పెట్టి, రెండు పేజీలు సొంతంగా రాసుకున్నాను. అందులో నా వైఫల్యానికి కేటాయించినవి నాలుగే వాక్యాలు. తెలుగులో చెప్పాలంటే అవి ఇలా ఉంటాయి: “మూడో సెమిస్టర్‌లో నాన్నగారి ప్రమాదం వల్ల నాలుగు నెలలు ఆయన ఉద్యోగం నేను చేశాను, రెండు పేపర్లలో ఫెయిలయ్యాను. మరుసటి ఏడాది పాసైనప్పుడు కూడా రియల్ అనాలిసిస్‌ను బట్టీ పట్టి రాశానే తప్ప నాకు అర్థం కాలేదు. ఎంఎస్సీ మొదటి సెలవుల్లో ఆ పాఠ్యపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ చదివి, ప్రతి అభ్యాసమూ చేశాను. మెజర్ థియరీలో నా గ్రేడు ఆ తరువాత వచ్చింది.” ఆపైన అంతా గణితమే: ఎంఎస్సీ ప్రాజెక్టులో ఏ ప్రశ్న తీసుకున్నాను, ఎక్కడ ఆగిపోయాను, ఇకముందు ఏం నేర్చుకోవాలనుకుంటున్నాను.

కౌన్సెలర్ దాన్ని చదివి, “ఫెయిల్ అని మనమే రాస్తే ఎట్లా?” అన్నారు. మెమోలో ఉన్నదాని గురించి మనం మౌనంగా ఉంటే చదివేవారు తమకు తోచిన కారణం ఊహించుకుంటారని నా సమాధానం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాఖల్లో కొన్నింటిలో అయితే ఎస్‌ఓపీ కాకుండా పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని విడిగా అడుగుతారు. కుటుంబ పరిస్థితులు చెప్పుకోవడానికి అది సరైన చోటు. మిగిలిన చోట్ల దరఖాస్తులోనే అదనపు సమాచారం అని ఒక గడి ఉంటే అక్కడ రాయవచ్చు. ఎక్కడ రాసినా జరిగింది తేదీలతో సహా చెప్పి, తరువాత ఏం చేశామో చెప్పి ఆపేయాలి. బతిమాలుకున్నట్టు ఉండకూడదు.

ఇక ఎల్‌ఓఆర్‌లు. మా ముగ్గురు లెక్చరర్ల పేర్లు, హోదాలు అడిగి తీసుకుని, మూడు రోజుల్లో మూడు ఉత్తరాలు వారే రాసి నాకు పంపారు. మూడింటిలోనూ నేను “తెలివైన, కష్టపడే, బృందంలో కలిసిపోయే” విద్యార్థినే. పైగా లెక్చరర్ల పేరిట కొత్త ఈమెయిల్ ఖాతాలు తెరిచి వాటి నుంచే ఉత్తరాలు అప్‌లోడ్ చేస్తామని, సార్లను ఇబ్బంది పెట్టనక్కరలేదని, ఇదేదో సౌకర్యమన్నట్టుగా చెప్పారు. ఇది తప్పు. ఆ మాట వారికి ఫోనులోనూ, తరువాత రాతపూర్వకంగానూ చెప్పాను. వారు నొచ్చుకున్నారు కానీ నా విషయంలో ఆ పని మానేశారు. మిగిలిన విద్యార్థుల విషయంలో ఏం చేస్తున్నారో తలుచుకుంటే ఇప్పటికీ కలవరంగా ఉంటుంది.

మెమోలు బలహీనంగా ఉన్నవారికి ఉత్తరమే ఊపిరి. గ్రేడు ఒక రోజున ఏం జరిగిందో చెబుతుంది. మనం గణితం చేస్తుంటే నెలల తరబడి పక్కనుండి చూసిన మనిషి మాత్రమే ఆ గ్రేడును దాటి మాట్లాడగలడు. నేను మా అనాలిసిస్ సార్ దగ్గరికి హనుమకొండ వెళ్లి అడిగితే ఆయన వెంటనే సరే అనలేదు. “నువ్వు థర్డ్ సెమిస్టర్‌లో ఫెయిలైన పేపర్ నాదే కదా. ఏం రాయాలె?” అన్నారు. ఆ తరువాత తెల్లకాగితం ముందుకు జరిపి, సున్నాకూ ఒకటికీ మధ్య ఒకటి బై ఎక్స్ అనే ప్రమేయం అవిచ్ఛిన్నమే (కంటిన్యూయస్) అయినా ఏకరూప అవిచ్ఛిన్నం (యూనిఫార్మ్‌లీ కంటిన్యూయస్) ఎందుకు కాదో చెప్పమన్నారు. చెప్పాను. అంతరం (ఇంటర్వెల్) రెండు కొసలనూ కలుపుకుని సంవృతంగా ఉంటే, దానిమీద అవిచ్ఛిన్నమైన ప్రతి ప్రమేయమూ ఏకరూప అవిచ్ఛిన్నం ఎందుకవుతుందో నిరూపించమన్నారు. నిరూపణ రాశాను. ఒక చోట డెల్టాను (బిందువులు ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే హద్దును) బిందువును బట్టి ఎంచుకుని, అన్ని బిందువులకూ ఒకటే అన్నట్టు వాడేశాను. ఆయన ఆ పంక్తి కింద గీత గీసి, కాగితం తిప్పి నా వైపు పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. పావుగంట తరువాత తప్పు నాకే కనబడింది. పరిమిత సంఖ్యలో అంతరాలు చాలునన్న మాట దగ్గరికి వచ్చి, వాటి డెల్టాల్లో అతి చిన్నది తీసుకోవాలని సరిదిద్దాను. ఆ తరువాత ఆరు వారాలపాటు ప్రతి ఆదివారం నా నోటుపుస్తకం తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఉత్తరం ఆయనే, తన కళాశాల ఈమెయిల్ నుంచి, స్వయంగా పంపారు.

దరఖాస్తులో ఉత్తరాన్ని చూసే హక్కు వదులుకుంటున్నారా అని అడుగుతారు. వదులుకోవద్దని కన్సల్టెన్సీ సలహా. వదులుకుంటేనే రాసేవారు మొహమాటం లేకుండా రాశారని చదివేవారికి నమ్మకం కలుగుతుంది కాబట్టి నేను వదులుకున్నాను. అందులో ఆయన ఏం రాశారో నాకు ఈనాటికీ తెలియదు.

గణితవేత్త జూన్ హూ గురించి కౌన్సెలర్‌కు చెప్పి చూశాను. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేయడానికి ఆయనకు ఆరేళ్లు పట్టింది, మార్కులు బాగా లేవు. అమెరికాలో డజను దాకా పీహెచ్‌డీ ప్రోగ్రాములకు దరఖాస్తు పెడితే ఇలినాయ్ విశ్వవిద్యాలయం తప్ప అన్నీ తిరస్కరించాయి. ఆయన వద్ద ఉన్న బలం జపాన్ గణితవేత్త హిరొనాకా దగ్గర నేర్చుకున్న గణితమూ, ఆ హిరొనాకా ఇచ్చిన సిఫారసూ. 2022లో జూన్ హూకు గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం వచ్చింది. అంతటివాడితో నన్ను పోల్చుకోవడం నా ఉద్దేశం కాదు. మిగిలిన తలుపులన్నీ మూసుకున్నా ఒక్కటి తెరుచుకోవడానికి ఏది పనికొస్తుందో ఆ కథలో స్పష్టంగా ఉంది, ఆ పనికొచ్చేదాన్నే ఈ ప్యాకేజీ మూసపోసి మూడు రోజుల్లో తయారు చేస్తోంది.

పరీక్షల విషయంలోనూ వారికి అవగాహన తక్కువ. అమెరికాలో పై చదువులకు రాసే జనరల్ జీఆర్‌ఈ పరీక్షకు వారి దగ్గర శిక్షణ ఉంది, బాగానే చెబుతారు. గణితంలో జీఆర్‌ఈ సబ్జెక్ట్ టెస్ట్ అని ఒకటి ఉందన్న సంగతి మాత్రం నేను చెబితేనే తెలిసింది. 66 ప్రశ్నలు, 2 గంటల 50 నిమిషాలు, స్కోరు 200 నుంచి 990 వరకు. ప్రశ్నల్లో సగం కలనగణితమే, పావు వంతు బీజగణితం. కొన్నేళ్లుగా చాలా విభాగాలు దీన్ని తప్పనిసరి చేయడం మానేశాయి, కొన్ని అసలే తీసుకోవు. అయినా మన విశ్వవిద్యాలయాల గ్రేడ్లను ఎలా చదవాలో తెలియని కమిటీకి అందరితోపాటు కొలిచిన ఒక అంకె ఇవ్వగలిగితే, ఎత్తుపల్లాల మెమోలున్నవారికి అది మేలు చేస్తుంది. నాకు 770 వచ్చింది. గొప్ప స్కోరేమీ కాదు గానీ 6.1 పక్కన నిలబడి మాట్లాడగలిగింది. దరఖాస్తు ఫీజు ఒక్కోటి సాధారణంగా 75 నుంచి 100 డాలర్ల దాకా అవుతుంది. ఈమెయిల్ రాసి కారణం చెబితే కొన్ని విభాగాలు మాఫీ చేస్తాయి. ఇదీ వారు చెప్పలేదు. మూడింటికి రాస్తే రెండు ఒప్పుకున్నాయి.

దేశంలోనే ఉన్న దారుల గురించి అయితే ఒక్క మాటా రాలేదు. అది వారి వ్యాపారం కాదు కదా అనవచ్చు, కానీ డబ్బు తీసుకుని సలహా ఇచ్చే చోట విద్యార్థికి ఏది మంచిదో చెప్పడం కనీస ధర్మమని నేను నమ్ముతాను. మన దేశంలో గణితానికి మంచి తలుపులు చాలావరకు పరీక్షతోనే తెరుచుకుంటాయి: ఎంఎస్సీకి ఐఐటీలు నిర్వహించే జామ్, భారత గణాంక సంస్థ, చెన్నై గణిత సంస్థల ప్రవేశ పరీక్షలు, పీహెచ్‌డీకి టాటా సంస్థ పరీక్ష, జాతీయ ఉన్నత గణిత మండలి ఉపకార వేతన పరీక్ష, సీఎస్‌ఐఆర్ నెట్. నెట్‌కు జనరల్ కేటగిరీలో ఎంఎస్సీలో 55 శాతం ఉంటే చాలు, డిగ్రీలో ఎన్నిసార్లు ఫెయిలయ్యామో అక్కడ అడగరు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఉపకార వేతనం) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. పాత మెమో బరువు మోస్తున్నవారికి మూడు గంటల పరీక్షలో కొత్తగా మొదలుపెట్టే అవకాశం చిన్నది కాదు. నేను రెండు దారులకూ సమాంతరంగా సిద్ధమయ్యాను. సబ్జెక్ట్ టెస్టుకు చదివిందంతా నెట్‌కు పనికొచ్చింది.

ఇప్పుడు వారు బాగా చేసిన పనులు చెప్పాలి, ఎందుకంటే అవి నిజంగా బాగా చేశారు. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో ట్రాన్‌స్క్రిప్టులకు ఏ దరఖాస్తు నింపాలి, చలానా ఏ పేరున తీయాలి, సీల్డు కవర్లు ఎన్ని అడగాలి అన్నది వారి దగ్గర పనిచేసే ఒక అన్నకు కొట్టిన పిండి. నేను ఒక్కడినే తిరిగితే నెల పట్టేది, పన్నెండు రోజుల్లో పూర్తయింది. ఎనిమిది దరఖాస్తుల్లోనూ పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాల్లో ఒక్క అక్షరం తప్పు పోలేదు. వీసా దశలో ఉన్న మేడమ్ వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపడం, సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు కట్టించడం, ఇంటర్వ్యూ స్లాటు కోసం రాత్రి పదకొండుకు కూడా ఫోనులో అందుబాటులో ఉండడం, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటుకు వెళ్లే ముందు రెండుసార్లు నమూనా ఇంటర్వ్యూ చేయడం, ఇవన్నీ డబ్బుకు తగిన సేవలే. “బ్యాక్‌లాగ్స్ గురించి అడిగితే ఎస్‌ఓపీలో రాసిందే చెప్పండి, కొత్తగా ఏం కల్పించకండి” అని ఆవిడ ఇచ్చిన సలహా ఆ కార్యాలయంలో నేను విన్న అత్యుత్తమ సలహా.

ఫలితాలు ఫిబ్రవరి నుంచి వచ్చాయి. ఆరు తిరస్కరణలు, ఫండింగ్ లేకుండా ఒక ఎంఎస్ అడ్మిట్, ఒకచోట వెయిట్‌లిస్టు. మార్చి రెండో వారంలో కన్సల్టెన్సీ నుంచి రోజూ ఫోన్లు మొదలయ్యాయి: ఎంఎస్ సీటుకు డిపాజిట్ కట్టేయమని, వెయిట్‌లిస్టు అంటే మర్యాదగా కాదనడమేనని. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఒక ఒప్పందం ప్రకారం ఫండింగ్‌తో సీటు ఇచ్చిన విద్యార్థికి నిర్ణయం చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా గడువు ఇస్తాయి. నాలుగైదు సీట్లు చేతిలో ఉన్నవారు ఆ తేదీ దగ్గరపడ్డాకే మిగిలినవి వదులుకుంటారు, వెయిట్‌లిస్టు కదిలేది అప్పుడే. ఇది తెలియక మార్చిలోనే డబ్బు కట్టి, తరువాత విచారించేవారు ఉంటారు. నేను విభాగానికి ఒక చిన్న ఉత్తరం రాసి, ఇప్పటికీ మీ దగ్గరే చేరాలని ఉందని, ఈ సెమిస్టర్‌లో సొంతంగా ఏం చదువుతున్నానో చెప్పి, ఆగాను. ఏప్రిల్ 13 తెల్లవారుజామున టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో పీహెచ్‌డీ సీటు వచ్చింది. మొదటి ఫోను హనుమకొండకు చేశాను.

అయిదు నక్షత్రాలకు లెక్క కట్టాలంటే పత్రాలకూ వీసాకూ నాలుగున్నర ఇస్తాను. విశ్వవిద్యాలయాల ఎంపికకు ఒకటి. ఎస్‌ఓపీకి ఒకటి ఇవ్వడానికి కూడా చేయి రావడం లేదు. ఎల్‌ఓఆర్ సేవకు ఏమీ ఇవ్వను, ఆ సేవ ఉండనే కూడదు. గణితానికి వెళ్లేవారు మొత్తం ప్యాకేజీ తీసుకోవద్దు. అడిగితే ట్రాన్‌స్క్రిప్టులు, వీసా రెండింటినీ విడిగా ఇస్తారు. నాతోపాటు వచ్చిన మిత్రుడికి రెండూ కలిపి 12,000 రూపాయలకు చేశారు. ధరల బోర్డు మీద అది ఉండదు కాబట్టి రిసెప్షన్‌లో కాకుండా లోపల వీసా విభాగంలోనే అడగండి. అడ్వాన్సు కట్టే ముందు, మీ అనుమతి లేకుండా ఏ లెక్చరర్ పేరిటా ఈమెయిల్ తెరవబోమని కాగితం మీద రాయించుకోండి.